ఇంకొంచెం దగ్గరికి

ఎండాకాలంలో జింకను దూరం నుంచి ఫోటో తీయడం కష్టం. ఎండ ముదిరిందంటే నేల సెగకు గాలి అలలాడుతుంది. ఆరువందల మిల్లీమీటర్ల లెన్స్ పెట్టినా కృష్ణజింక కొమ్ముల మెలికలు కరిగినట్టే పడతాయి. తెల్లవారకముందే పోయి, ఒకచోట కదలకుండా కూర్చుంటే ఆ బాధ ఉండదు. ఆ ఓపిక నాకు లేకపోయింది. ఎండెక్కాక పోయాను, దగ్గరికి పోయాను.

మాది మాలూరు తాలూకా మాస్తి. బంగారుపేట మీదుగా కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు పోతే, గని వ్యర్థాల సైనైడ్ దిబ్బల అవతల గడ్డి నేలలున్నాయి. నూరేళ్లకు పైగా బంగారం తవ్విన గనులు 2001లో మూతపడ్డాయి. ఆ చుట్టుపక్కల ఖాళీ భూముల్లో కృష్ణజింకలు మేస్తుంటాయి. వాటి మీద నాకున్నది ప్రేమే. నాకు తప్పుడు ధైర్యమిచ్చిందీ ఆ ప్రేమే.

మంద వెంట పడ్డాను. అవి పరిగెత్తాయి, నేను మళ్లీ నడిచాను. గంటకు డెబ్బై, ఎనభై కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువుకు నా నడక ఒక లెక్కా అనుకున్నాను. గడ్డి ఎండి, నీళ్లు దూరమైన నెలలో ఒక్కొక్క పరుగుకు దాని ఒళ్లు ఎంత ఎండిపోతుందో తలచనైనా లేదు.

ఒక ఆడజింక మాత్రం మందతో పోలేదు. దూరంగా నిలబడి నా వైపే చూస్తోంది. ఇంకొంచెం ముందుకు పోతే గడ్డిలో దాని పిల్ల. చెవులు వాల్చి, నేలకు అంటుకుపోయి పడుకుంది. నన్ను చూసి భయపడలేదని మురిసిపోయాను. లెన్స్ మార్చి, మోకాళ్ల మీద కూర్చుని, తనివితీరా తీశాను.

మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దామె కేకేసింది. “ఏమప్పా, నువ్వు ఆడ కూసోనుంటే తల్లి పాలియ్యను ఎట్లొస్తాది? కుక్కలకు దోవ చూపిస్తాండావా?”

కదలకపోవడమే ఆ పిల్లకున్న రక్ష. భయపడే కొద్దీ ఇంకా బిగుసుకుపోతుంది. అమెరికా తెల్లతోక జింకదీ ఇదే పద్ధతి. వేసవి మొదట్లో ఈని, పిల్లను పొదలో దాచి తల్లి మేతకు పోతుంది. తల్లి లేని పిల్ల అనుకొని ఎత్తుకుపోవద్దని అక్కడి వన్యప్రాణి శాఖలు ఏటా జనానికి చెబుతుంటాయి. ఈ సంగతి నేను చదివే ఉన్నాను. కెమెరా కంటికి పెట్టుకున్నాక గుర్తు రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఫోటోను అందరూ మెచ్చుకున్నారు. ఎక్కడ తీశావని అడిగిన ప్రతివాళ్లకూ దిబ్బల పక్క దారి, మలుపులతో సహా, సంబరంగా చెప్పాను. వాళ్ల దగ్గరా కెమెరాలున్నాయి, వాళ్లకూ దగ్గరి ఫోటోనే కావాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పెట్టి కాపాడుతున్న జీవి చిరునామాను నా నోటితోనే పంచిపెట్టాను.

ఇప్పుడెవరైనా అడిగితే మధుగిరి తాలూకా మైదేనహళ్లి పొమ్మంటున్నాను. హిందూపురానికి దగ్గర, కృష్ణజింకల కోసమే 2007లో ప్రకటించిన రిజర్వు. గడ్డిలోకి దిగకుండా, కావలి గోపురం ఎక్కి తీసుకోమంటున్నాను.