నడుము విరిగితేనే నాదమట

బేస్ గిటార్ వాయించేవాళ్లలో ఒక శాఖ ఉంది. ఆంప్ మంచిదో కాదో వాళ్లు చెవితో తేల్చరు, నడుముతో తేలుస్తారు. ఇద్దరు పట్టినా మూలగాలి. మెట్ల మలుపులో గోడ సున్నం రాలాలి. సర్వీసు లిఫ్టు మధ్యలో ఒకసారి ఆలోచనలో పడాలి. ఇంత జరిగాక ఆ పెట్టెలోంచి వచ్చేదే సౌండు, మిగతాదంతా చప్పుడు. అలాంటివాడి చేతిలో మూడు కిలోలైనా లేని క్లాస్ డి ఆంప్ పెట్టి చూడండి. అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏముంటదన్నా?" అని పెదవి విరిచేస్తాడు. ఇంకా ప్లగ్గు కూడా పెట్టలేదు.

ఈ మతానికి మూలవిరాట్టు 1969లో వెలిసింది. యాంపెగ్ కంపెనీ ఎస్వీటీ. పద్నాలుగు ట్యూబులు, 300 వాట్లు, స్పీకర్లు లేని హెడ్ ఒక్కటే దాదాపు 38 కిలోలు. దాని కింద పదంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబినెట్. వాయిద్యగాళ్లు దాన్ని ముద్దుగా ఫ్రిజ్ అంటారు. ఇప్పటికీ 60 కిలోల పైమాటే. ఆ ఏడే రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌లో ఎస్వీటీ స్టేజీ ఎక్కింది. ఆ కాలానికి అది కావాలి కూడా. జనం వైపు తిప్పిన అప్పటి పీఏ స్పీకర్లు పాటగాడి గొంతు మోయడానికే సరిపోయేవి. ఆఖరి వరసలో ఉన్నవాడికి బేస్ వినపడాలంటే స్టేజీ మీది పెట్టే గట్టిగా అరవాలి.

ఇవాళ జూబ్లీహిల్స్ పబ్బులో ఆ అరుపు పని సబ్‌వూఫర్లది. గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి అందించే డీఐ బాక్సులోంచి సౌండ్ ఇంజినీరు ఒక కేబుల్ లాగి మిక్సర్‌లో గుచ్చేస్తాడు. జనం వినేది ముఖ్యంగా దాన్నే. మనవాడి వెనక నిలబెట్టిన కొండ మనవాడికీ, పక్కనున్న డ్రమ్మర్‌కీ వినపడితే చాలు. అందుకోసం మధ్యాహ్నం మూడింటికి ట్రాలీ ఆటో మాట్లాడుకుని బయల్దేరతాడు.

ట్యూబుల వెచ్చదనం సంగతేమిటని అడుగుతారు. ఉంది, నేను కాదనను. ట్యూబుల్ని వాటి హద్దు దాకా తోస్తే నోటు అంచులు మెత్తబడి, చిక్కబడి, వినడానికి హాయిగా ఉంటుంది. కానీ 300 వాట్ల ట్యూబ్ ఆంప్‌ని హద్దు దాకా తోయడం ఎక్కడ? జనం కబాబులు తింటూ కబుర్లు చెప్పుకునే హాల్లో నాబ్ రెండు దాటకముందే మేనేజరు దండం పెడుతూ వస్తాడు. ఆ రాత్రంతా పద్నాలుగు ట్యూబులూ గది వేడెక్కించడం తప్ప వేరే ఘనకార్యం చెయ్యవు.

పోనీ, తగ్గిన బరువు ఎటు పోయిందో చూద్దాం. పాత పవర్ సప్లైలో ట్రాన్స్‌ఫార్మర్ గోడ సాకెట్‌లోంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటుతోనే నెగ్గుకురావాలి. దానికి ఇనుమూ రాగీ బోలెడు పడతాయి. స్విచింగ్ సప్లై అదే కరెంటుని సెకనుకు లక్షసార్ల స్థాయిలో ముక్కలు చేసి ఇస్తుంది కాబట్టి గుప్పెట్లో ఇమిడే ట్రాన్స్‌ఫార్మర్ చాలు. క్లాస్ డి స్టేజి వేడిగా పోగొట్టేది తక్కువ, కాబట్టి లావాటి హీట్‌సింకులూ అక్కర్లేదు. అంటే పోయింది ఇనుము, రాగి, అల్యూమినియం. వీటిలో ఏ లోహంలో 'గ్రూవ్' ఉండేదో చెప్పిన భక్తుడు ఇంతవరకూ నాకు తగల్లేదు.

ఇంతకీ తేలిక ఆంప్‌లో సత్తా ఉండదన్న అపవాదు ఎలా పుట్టింది? మనవాడు పాత హెడ్ అమ్మేసి కొత్త చిన్న హెడ్ కొంటాడు. ఎలాగూ డబ్బులున్నాయి కదా అని అదే వారం ఫ్రిజ్ కూడా అమ్మేసి పన్నెండంగుళాల స్పీకర్ ఒక్కటున్న క్యాబ్ తెచ్చుకుంటాడు. ఎనిమిది పదుల ముందు ఒక్క పన్నెండు! స్పీకర్ల వైశాల్యం అయిదో వంతుకు పడిపోయింది. హాఫ్‌మన్ అనే స్పీకర్ల పెద్దాయన ఎప్పుడో తేల్చాడు: పెట్టె చిన్నదిగా ఉండాలి, కింది స్వరం లోతుగా పలకాలి, మోత గట్టిగా ఉండాలి, ఈ మూడింట్లో రెండే దక్కుతాయి అని. బేస్ మీద కింది ఇ తీగ 41 హెర్ట్జ్. దాన్ని ఆరుబయట సంగీత్ ఫంక్షన్‌లో ఆ బుల్లిపెట్టెతో పలికించబోయి, పలక్కపోతే మనవాడు తిట్టేది క్యాబ్‌ని కాదు, పాపం హెడ్‌ని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అదే మూడు కిలోల హెడ్‌ని తీసుకెళ్లి ఎవరిదైనా ఫ్రిజ్‌కి తగిలించి వినమనండి. వినడు. వింటే మతం పోతుంది.

అమ్మేవాళ్లు కూడా తక్కువేం తినలేదు. ముందు పలక మీద 800 అని కొట్టొచ్చే అంకె. వెనక్కి తిప్పి స్పీకర్ జాక్ పక్కన చదివితే ఆ 800 నాలుగు ఓములకని చిన్నక్షరాల్లో ఉంటుంది. మీ ఒంటరి క్యాబ్ ఎనిమిది ఓములదైతే చేతికొచ్చేది సగం, లేదా కాస్త పైన. కొన్నిట్లో ఆ అంకె కూడా క్షణకాలపు గరిష్ఠమే, పాటంతా నిలబడేది కాదు. అలాగని ఏడుస్తూ కూర్చోనక్కర్లేదు. 500 వాట్లకీ 800కీ తేడా రెండు డెసిబెల్స్. ఆ రెండింటి కోసం రెట్టింపు ధర పెట్టేవాణ్ని కూడా భక్తుల లెక్కలోనే వేశాను.

తేలిక ఆంప్ నిన్నమొన్నటి ఫ్యాషనూ కాదు. వాల్టర్ వుడ్స్ అనే అమెరికన్ 1970ల్లోనే చేత్తో పట్టుకెళ్లే ఆంప్‌లు చేసిపెడితే జాజ్ బేసిస్టులు కళ్లకద్దుకుని కొనుక్కున్నారు. మన భక్తులు పటం కట్టి పూజించే జేమ్స్ జేమర్సన్ అయితే మోటౌన్ రికార్డుల్లో ఎక్కువభాగం గిటార్‌ని నేరుగా కన్సోల్‌లో గుచ్చి వాయించాడు. ఆంప్ బరువు సున్నా కిలోలు. ఆ సౌండు గురించి చెప్పేటప్పుడు భక్తుల కళ్లు అరమోడ్పులవుతాయి.

వైజాగ్‌లో షో పడితే బండారం బయటపడుతుంది. దేశంలో విమానం ఎకానమీ టికెట్‌కి సామాను సాధారణంగా 15 కిలోలు. ఫ్రిజ్ ఇంట్లో ఉంటుంది, స్వామి అక్కడ అద్దెకు దొరికిన ఏదో ఒక పెట్టె ముందు నిలబడతాడు. మర్నాడు వీడియో చూసుకుని "టోన్ అదిరింది" అని తనే పదిమందికి పంపుతాడు.

స్టేజీ మీద ఎత్తు లేకపోతే పరువు తక్కువ అనుకునేవాళ్లకి ఒక మార్గం ఉంది. పెద్ద పెద్ద రాక్ బ్యాండ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే: స్పీకర్లు లేని ఉత్త డబ్బాలు గోడలా పేర్చడం. ప్లైవుడ్‌తో ఒక ఫ్రిజ్ కొట్టించుకుని, ముందు నల్లగుడ్డ బిగించి, బుల్లి ఆంప్ వెనక దాచండి. జనానికి కళ్లపండుగ, ఇంజినీరుకు డీఐ, మీ వెన్నుకు సెలవు. లోపల అంత జాగా ఖాళీయే కాబట్టి షో అయ్యాక బ్యాండుకి రావాల్సిన బిర్యానీ పొట్లాలు ముందే అందులో భద్రం చేసుకోవచ్చు. డ్రమ్మర్‌కి మాత్రం చెప్పకండి.