బేస్‌లైన్ బాగోతం

ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ పుట్టిందే ఒక పంచాయితీ తేల్చడానికి. ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగువాళ్లా, సైకిలు తొక్కేవాళ్లా అని హవాయి దీవుల్లో కొందరు వాదులాడుకుంటుంటే, మూడూ ఒకే రోజు చేసి తేల్చుకుందాం పట్టండి అన్నాడు జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆ పైన 42 కిలోమీటర్ల పరుగు. 1978 ఫిబ్రవరి 18న పదిహేను మంది బయల్దేరితే పన్నెండు మంది ముగించారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లు పట్టింది. ఈ కథ ఇంట్లో గొప్పగా చెప్తే మా అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది: "అన్ని గంటలు ఆయన ఆడ వడితే, ఇంట్ల నీళ్లెవరు వట్టిండ్రు బిడ్డా?"

నాది అంత పెద్ద యవ్వారం కాదు. నేను స్ప్రింటు వాణ్ని: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. హత్నూర మండలంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో కొలువు. వయసు నలభై ఆరు. మా ఇంటామె సర్కారు బడిలో టీచరు, కూతురు ఇంటర్ ఎంపీసీ. పోటీల కాలం అయిపోయి, దసరా మటనూ దీపావళి మిఠాయిలూ ఒంటబట్టాక వచ్చేదే ఆఫ్ సీజన్. అప్పుడు మళ్లీ మొదటి నుంచి శిక్షణ మొదలుపెట్టాలి. అయితే ముందు ఒళ్లు ఏ స్థితిలో ఉందో కొలవాలి. గుండె ఎంత, కాళ్లు ఎంత, ఊపిరి ఎంత. ఆ అంకెల మీదే మిగతా ఆరు నెలల లెక్క నడుస్తుంది.

ఒప్పుకోవాల్సిన సంగతి ఇక్కడే ఉంది. నాకు శిక్షణ కన్నా పరీక్ష ఇష్టం. మా ల్యాబులో పొద్దున రాగానే తూనిక సరిచూసి సంతకం పెట్టకుండా చిటికెడు పొడి కూడా తూచనియ్యరు. కాలిబ్రేషన్ లేని రీడింగు చెల్లదు. మరి కాలిబ్రేట్ కాని ఒంటితో పరుగెత్తితే ఆ పరుగు చెల్లుతుందా? చెల్లదు కదా. ఒక ఏడాది ఈ సూత్రానికి కట్టుబడి సంక్రాంతి దాకా కాలిబ్రేషన్‌లోనే ఉన్నాను.

మొదటిది విశ్రాంతి నాడి. మెలకువ రాగానే, లేవకముందే, మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టాలి. నెలల తరబడి శిక్షణ సాగిన కొద్దీ ఈ అంకె తగ్గుతూ రావాలి. కళ్లు మూసుకుని నలభై దాకా లెక్కపెట్టానో లేదో, వంటింట్లోంచి కేక: "నల్లా వచ్చింది! లేస్తవా, నేనే రావాల్నా?" మిగతా పదిహేను సెకన్లలో నా గుండె ముప్పై కొట్టింది. ల్యాబు అలవాటు కొద్దీ ఆ రీడింగు పక్కన రిమార్కుల గడిలో 'నల్లా' అని రాసుకున్నాను.

తర్వాత గరిష్ఠ గుండె వేగం. 220లోంచి వయసు తీసెయ్యమని ప్రతి జిమ్ము గోడ మీదా ఉంటుంది. 1970ల మొదట్లో ఫాక్స్, హాస్కెల్ అనే ఇద్దరు అక్కడక్కడి అధ్యయనాల సగటులను చుక్కలుగా పెట్టి గీసిన గీత అది. 2001లో టనాకా బృందం దాన్ని సవరించి, 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసెయ్యమంది. మా అమ్మాయి రెండూ వేసి చూపించింది: మొదటి దాని ప్రకారం 174, రెండో దాని ప్రకారం దాదాపు 176. మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ ఉండొచ్చని కూడా చెప్పింది. ఆ మాట నిజమని నర్సాపూర్ వైపు వెళ్లే రోడ్డు మీద కోళ్ల ఫారం దగ్గరి నల్లకుక్క నిరూపించింది. ఆ పొద్దున నా వాచీలో 187 పడింది. ఫాక్స్ గారికీ టనాకా గారికీ దొరకని అంకె అది. ఖర్చు లేదు, డాక్టరు అక్కర్లేదు, కుక్క కూడా మళ్లీ ఎప్పుడు పిలిచినా వచ్చే రకం.

కంపెనీలో జరిగే పరీక్ష వేరు. ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవాళ్లకు పన్నెండు నెలలు దాటకుండా వైద్య పరీక్ష చేయించాలని చట్టం చెప్తుంది. గొట్టంలోకి ఊదడం, చెవులు, కళ్లు, రక్తం, నడుము చుట్టుకొలత. మనదేశపు మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు దాటితే హెచ్చరిక అంటారు. టేపు పట్టిన కుర్రాడు "సార్, ఊపిరి వదలండి" అన్నాడు. వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి కాసేపు మా ఇద్దరి మధ్యా మౌనం నడిచింది.

పరుగుకు వద్దాం. అమెరికా వైమానిక దళ వైద్యుడు కెనెత్ కూపర్ 1968లో లోకానికి చెప్పిన పరీక్ష ఒకటుంది: పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పోతే అంత. మీటర్లలోంచి 504.9 తీసేసి 44.73తో భాగిస్తే, ఒళ్లు నిమిషానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీలీటర్ల ప్రాణవాయువు వాడుకోగలదో అంచనా వస్తుంది. దీనికి బడి గ్రౌండు మంచిదని చీకటితోనే వెళ్లాను. అక్కడ నాకన్నా ముందే ఇరవై మంది పిల్లలు. మా దిక్కు పొద్దున ఐదింటికి ఎవరైనా ఉరుకుతున్నారంటే ఆరోగ్యం కోసమని ఎవరూ అనుకోరు, పోలీసు ఈవెంట్స్‌కని అనుకుంటారు. 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. ఆ పిల్లలకు కూపరూ తెలియదు, ప్రాణవాయువు లెక్కా తెలియదు. పాసైతే ఖాకీ, లేకుంటే కంపెనీలో కాంట్రాక్టు కొలువు. కాళ్లకు బూట్లు లేనివాళ్లు కూడా ఉన్నారు. రెండు జతల బూట్లూ గుండె పట్టీ వాచీతో నేను ఒక్కణ్నే.

పన్నెండు నిమిషాల్లో సరిగ్గా రెండు కిలోమీటర్లు. లెక్క కడితే 33.4. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉంటే ఒక పిల్లగాడు మర్యాదగా దగ్గరికొచ్చాడు.

"సార్, మీరు ఏ పోస్టుకు వేసిన్రు?"

"పోస్టు కాదు బాబూ, ఊరికే."

ఊరికే ఎవరైనా ఇంత కష్టపడతారా అన్నట్టు చూశాడు. తర్వాత జాలిపడి, "ఎక్స్ సర్వీస్‌మెన్ కోటల అయితే తొమ్మిది నిమిషాల ముప్పై సెకన్లిస్తరు సార్" అన్నాడు. నా వేగానికి 1600 మీటర్లు వేసి చూశాను. తొమ్మిది నిమిషాల ముప్పై ఆరు. సైన్యంలో పదిహేనేళ్లు చేసి రిటైరై వచ్చినా ఆరు సెకన్లతో పోయేది నా ఉద్యోగం. ఆడపిల్లల గీత ఒక్కటి మాత్రం దాటగలను. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఈతకు మా చుట్టుపక్కల దారి లేదు. చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్న బావులున్నాయి గానీ, వాటిలో 400 మీటర్లు ఈదాలంటే గుండ్రంగా తిరుగుతూ ఉండాలి. మంజీర ఉంది కదా అంటారేమో. హవాయిలో ఆ పదిహేను మంది నీళ్లలోకి దిగిన 1978లోనే సంగారెడ్డి దగ్గర మంజీరను అభయారణ్యం చేశారు. ఎవరికి అభయమంటే మొసళ్లకు. అక్కడ ఈదితే వేగం పెరగొచ్చు గానీ రెండోసారి కొలిచే వీలుండదు. అందుకని రామచంద్రాపురం వైపు ఒక కొలనుకు పోతాను. చలికాలం వార్తల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత చెప్పేటప్పుడు పటాన్‌చెరు పేరు ఎందుకు వినిపిస్తుందో ఆ నీళ్లలో కాలు పెట్టినవాళ్లకు తెలుస్తుంది.

పరీక్ష ఇది: 400 మీటర్లు చేతనైనంత వేగంగా, కాసేపు ఆగి 200 మీటర్లు మళ్లీ అట్లాగే. రెండు సమయాల తేడాను రెండుతో భాగిస్తే, ఎక్కువ సేపు నిలబెట్టుకోగల వేగం వంద మీటర్లకు వస్తుంది. నాకు 11 నిమిషాలు, 5 నిమిషాల 10 సెకన్లు. అంటే వందకు 2 నిమిషాల 55 సెకన్లు. పక్క లైనులో ఎనిమిదేళ్ల పాప నన్ను దాటి, తిరిగొచ్చి మళ్లీ దాటి, "అంకుల్, మీరు నేర్చుకుంటున్నరా?" అని అడిగింది. ఇంటికొచ్చి చెప్పుకుంటే ఓదారుస్తారనుకున్నాను. మా ఇంటామె గోలి శ్యామల పేరెత్తింది. నడివయసులో ఈతకు దిగిన ఆ హైదరాబాదీ 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా దాదాపు 30 కిలోమీటర్ల సముద్రాన్ని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. "ఆమెకు నల్లా చప్పుడు వినవడకపోవచ్చు" అన్నాను. ఆ పూట నా పళ్లెంలో కూర తక్కువ పడింది.

సైకిలుది ఇంట్లోనే. వెనక చక్రాన్ని ట్రైనరుకు బిగించి ఇరవై నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కాలి. సగటు వాట్లలో నూటికి తొంభై ఐదు తీసుకుంటే, గంటసేపు లాగగల శక్తికి అంచనా. వసారాలో తొక్కుతుంటే అమ్మ మంచం మీద కూర్చుని చివరి దాకా చూసింది. "గింతసేపు తొక్కి గల్మ గూడ దాటకపోతివి గదరా" అంది. నాకొచ్చింది 158, అంటే చేతికి 150 వాట్లు. మా అమ్మాయి వంటింట్లోకి పోయి మిక్సీ తిరగేసి చూసొచ్చింది. దాని మీద 750 అని ఉంది. అల్లం వెల్లుల్లి నూరాలంటే నాలాంటివాళ్లు ఐదుగురు కావాలని తేల్చింది. అప్పటి నుంచి కరెంటు పోయినప్పుడల్లా ఇద్దరూ నా వైపు చూస్తున్నారు.

ఇంతవరకూ వచ్చినవి నిజమైన అంకెలు. అసలు బాగోతం ఆ తర్వాతి ముప్పై నిమిషాల పరుగులో జరిగింది. జో ఫ్రీల్ అనే అమెరికా కోచ్ ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష అది. అరగంట ఒంటరిగా, పోటీలో లాగా ఉరకాలి. చివరి ఇరవై నిమిషాల గుండె వేగం సగటే గీత. తేలిక పరుగు ఎంత, కష్టం పరుగు ఎంత అన్నీ ఆ గీత మీదే కడతారు. తేలికదైతే గీతలో నూటికి 85 నుంచి 89 దాకా.

ఇక్కడే నా ఇరవై ఏళ్ల ఫ్యాక్టరీ బుద్ధి పనిచేసింది. ఏప్రిల్‌లో లక్ష్యాలు రాసుకునేటప్పుడు కాస్త ఒదిగి ఉన్నవాడే మార్చిలో పెరుగుదల చూపగలడు. ఇప్పుడు అంకె తక్కువ వస్తే సంక్రాంతికల్లా నా గ్రాఫు పైకి లేస్తుంది. పైగా గీత కిందుంటే తేలిక పరుగంటే ఉత్త నడకే. అట్లా పల్లెగాలి పీలుస్తూ, వడ్లు ఆరబోసిన దగ్గర అడుగు పక్కకేస్తూ, తెలిసినవాళ్లకు చెయ్యెత్తుతూ అరగంట ముగించాను. సగటు 150.

గేటు తీస్తూనే "ఉప్మా ఉందా?" అన్నాను. మా ఇంటామె నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"పానం వెట్టి ఉరికినోడు గేటుకాడ కూలవడాలె. నువ్వు పాట వాడుకుంట వచ్చినవ్."

"బేస్‌లైన్ కదా..." అని నసిగాను. ఆ మాట ఆమె ముందు అనకుండా ఉండాల్సింది. సర్కారు బడుల్లో తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైనప్పటి నుంచి ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకు బేస్‌లైన్ పరీక్ష పెట్టి, ఎవరికి అక్షరాలొచ్చు, ఎవరికి పదాలొచ్చు, ఎవరు వాక్యం చదువుతారు అని గడులు నింపుతున్న మనిషి. "మా ఒకటో తరగతి పోరలు గూడ వచ్చింది దాచుకోరు. రానిది వచ్చినట్టు చెప్తరేమో గని, వచ్చింది రాదనరు. గసొంటోన్ని నిన్నే చూసిన" అంది. మా అమ్మాయి వాచీ తీసుకుని గ్రాఫు చూసి, "డాడీ, ఇది పల్లెవెలుగు బస్సు టైమింగ్ లెక్కుంది. ఏడుచోట్ల ఆగినవ్" అంది. ల్యాబులో ఇట్లాంటి ఫలితం వస్తే విచారణ వేసి, కారణం రాసి, మళ్లీ పరీక్ష చేస్తాం. ఇంట్లో విచారణ అక్కర్లేకపోయింది.

ఆదివారం మళ్లీ పరీక్ష. నేను ముందు, స్కూటీ మీద మా ఇంటామె వెనక. పక్కన కోచ్ ఉంటే అంకె పెరుగుతుందని, అందుకే ఒంటరిగా ఉరకమన్నారని ఫ్రీల్ మాట గుర్తుచేశాను. హారన్ కొట్టింది. పదో నిమిషానికి నాకు దేవుళ్లు గుర్తొచ్చారు. ఇరవయ్యో నిమిషానికి వాళ్లను కూడా మరిచిపోయాను. సగటు 162. తేలిక పరుగు ఇప్పుడు 138 నుంచి 144 మధ్య. అది నడకతో రాదు. గేటు దగ్గర కూలబడితే ఆమె టైము నోటు చేసుకుని, సంతకం పెట్టి, "గిది బేస్‌లైన్" అంది.

ఈ పరీక్ష ఆరు వారాలకోసారి చేయాలి, అదే రోడ్డు మీద, అదే వేళకు. కాబట్టి హత్నూర నుంచి దౌల్తాబాద్, నర్సాపూర్ వైపు తెల్లవారుజామున బండ్ల మీద పోయే అన్నలకూ, షిఫ్టుకు పోయే తమ్ముళ్లకూ నా మనవి: బిగుతు చెడ్డీలో ఒక నడివయసు మనిషి ఎగపోసుకుంటూ ఉరుకుతుంటే దయచేసి బండి ఆపి "బస్సు పోయిందా సారూ, ఎక్కు" అనకండి. కాదనే శక్తి నాకు లేదు. పోయినేడు ఒకాయన అట్లాగే ఆపితే ఎక్కాను. వాచీ ఆపడం మరిచాను. 1999లో కెన్యా వీరుడు నోవా ఎంగెని 1000 మీటర్లను 2 నిమిషాల 11.96 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు పెట్టాడు. నా వాచీలో ఆ పొద్దుటి కిలోమీటరు ఒక నిమిషం ఇరవై సెకన్లు. అది ఎట్లా తీసెయ్యాలో మా అమ్మాయి చూపించింది గానీ, నేనింకా తీసెయ్యలేదు.