ఓడ దిగిన బండి

మా బావగారి కారు నేను చూసినప్పుడల్లా ఇంకో బండి మీద ఉంటుంది. మొదటిసారి చూసింది అది ఇంటికి వచ్చిన రోజు. అంత ఖరీదైన వస్తువు రోడ్డు మీద దొర్లుకుంటూ రావడం మర్యాద కాదని కాబోలు, లారీ మీద తెచ్చారు. రెండోసారి ఆయుధపూజ నాడు. నిమ్మకాయలు తొక్కిద్దామంటే స్టార్టు కాలేదు, నిమ్మకాయలు పులిహోరకి పోయాయి, కారు లారీ ఎక్కింది. మూడోసారి మొన్న శ్రావణంలో, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర. చక్రాలకి పట్టీలు బిగించుకుని, పల్లకీలో కాశీకి పోతున్న జమీందారులా దర్జాగా కూర్చుని ఉంది. మోస్తున్న లారీ మాత్రం అచ్చమైన దేశవాళీ. రంగు వెలిసిపోయింది, ఒక హెడ్‌లైటు లేదు, వెనక పలక మీద పసుపు అక్షరాలతో ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాసి ఉంది.

దాని వెనకే ఆటోలో బావగారు.

‘ఏమైంది బావగారూ?’ అన్నాను ఆటోలోకి వంగి.

‘ఏమీ కాలేదోయ్. సెన్సారు’ అన్నారు.

ఇంపోర్టెడ్ బండి ఉన్నవాళ్ళ నిఘంటువే వేరు. మన బండి ఆగిపోతే చెడిపోయినట్టు. వాళ్ళ బండి ఆగిపోతే ‘అలర్ట్ ఇచ్చినట్టు’. మన బండిలో చప్పుడొస్తే డొక్కు, వాళ్ళ బండిలో వస్తే అది ‘ఇంజిన్ క్యారెక్టరు’. మన బండి సామాను రేపు వస్తుందంటే కంపెనీని తిడతాం. వాళ్ళ బండి సామాను నలభై రోజులకి వస్తుందంటే ‘అంత ప్రెసిషనోయ్, ఊరికే వస్తుందా’ అంటారు. నాలుగు లక్షల బిల్లు చేతిలో పెడితే దాని పేరు ‘మెయింటెనెన్స్’. అదే మా వీధిలో బొలెరో ఆయన క్లచ్చు మార్పించి తొమ్మిది వేలు కట్టినప్పుడు, బావగారే మేడ మీంచి చూసి ‘లోకల్ బళ్ళతో ఇదే గొడవ’ అని పెదవి విరిచారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఈ పుల్లకూర సముద్రం దాటి వచ్చింది, రుచి సంగతి అడిగేవాడు లేడు. (కంపెనీ పేరు రాయను. అక్కయ్య ముఖం చూడాలి కదా.)

ఇంతకీ బావగారి సిద్ధాంతం ఏమిటయ్యా అంటే, ఇంపోర్టెడ్ అంటే నమ్మకం, లోకల్ అంటే డబ్బా. ధర ఎక్కువ కాబట్టి సరుకు మంచిది. ఈ రెండో ముక్క దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన ప్రభుత్వం పండించిన హాస్యమంతా అక్కడే ఉంది.

విదేశంలో పూర్తిగా తయారై వచ్చే బండి విలువ 40 వేల డాలర్లు దాటితే, మన రేవులో దాని మీద పడే సుంకం 110 శాతం. 2025 బడ్జెట్‌లో ఈ సుంకం తగ్గించామన్నారు. నిజమే, 100 శాతంగా ఉన్న మూల సుంకాన్ని 70 చేశారు. చేసి, పక్కన 40 శాతం సెస్సు నిలబెట్టారు. కూడుకుంటే మళ్ళీ 110. అంతకుముందు సర్‌చార్జీతో కలిపి ఎంతో ఇప్పుడూ అంతే. ఆ కొత్త సెస్సు పేరు వింటే మీరు చేతులెత్తి మొక్కుతారు: వ్యవసాయ మౌలిక వసతుల అభివృద్ధి సెస్సు. బంజారాహిల్స్‌లో ఓ కోటీశ్వరుడు ఓడలో బండి దింపుకున్నప్పుడల్లా, కారు విలువలో నలభై శాతం వ్యవసాయం పేరున జమ అవుతుందన్నమాట. మా బావగారు ఇరవై ఏళ్ళలో పొలం గట్టు తొక్కిన పాపాన పోలేదు. ఇలాంటివాళ్ళని కర్షక బంధువులుగా నిలబెట్టిన ఘనత ఆర్థిక శాఖకే దక్కాలి.

అక్కడితో అయిపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ 40 శాతం. అదీ సుంకం కలిపిన మొత్తం మీద. కోటి రూపాయల బండి అనుకోండి. సుంకంతో రెండు కోట్ల పది లక్షలు. దాని మీద జీఎస్టీ 84 లక్షలు. షోరూం గడప తొక్కకముందే రెండు కోట్ల తొంభై నాలుగు లక్షలు. డీలరు లాభం, లైఫ్ ట్యాక్సు, బీమా వెనక వరసలో నిలబడి ఉన్నాయి. కొన్నాయన క్లబ్బులో తలుపు ఠప్పున వేసి ‘విన్నావా, మూడు కోట్ల క్వాలిటీ చప్పుడు’ అంటాడు. క్వాలిటీ కోటిదే నాయనా. మిగిలిన రెండు కోట్ల చప్పుడు ఖజానా తలుపుది. పన్ను కట్టినందువల్ల రేకు మందం పెరగదు, గేరుబాక్సుకి ఆయుష్షు పొయ్యదు. పైపెచ్చు బీమా ప్రీమియం బండి విలువను బట్టి ఉంటుంది కనక, కట్టిన పన్నుకి కూడా ఏటా బీమా కట్టుకుంటూ పోవాలి.

పోనీ కోటి రూపాయల నమ్మకమైనా ఉందా? అమెరికాలో జేడీ పవర్ అనే సంస్థ మూడేళ్ళు వాడిన బళ్ళ యజమానులను అడిగి, వంద బళ్ళకి ఎన్ని తిప్పలో లెక్క తీస్తుంది. 2022 లెక్కలో అందరికంటే తక్కువ తిప్పలు కియాకి, 145. అట్టడుగున ల్యాండ్ రోవర్, 284. మర్నాడు కూడా హాలీవుడ్ వాళ్ళు ల్యాండ్ రోవర్లే కొన్నారు, అది వేరే విషయం. (మా బావగారిది ఆ కంపెనీ కాదు. ఇది కూడా అక్కయ్య కోసమే రాస్తున్నాను.) కియా మనకి కొత్తేం కాదు. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర, వేరుశనగ పండే నేలలో, 2019 నుంచి సెల్టోస్‌లు కడుతున్నారు. ఆ ప్లాంటు నుంచి ఏళ్ళ తరబడి దాదాపు 900 ఇంజిన్లు మాయమయ్యాయని 2025లో పోలీసు కేసు నమోదైంది. సర్వేలు తప్పు చెప్పొచ్చు గానీ దొంగ తప్పు సరుకు ఎత్తుకెళ్ళడు. రాయలసీమలో బిగించిన బండికి అంతకంటే యోగ్యతాపత్రం ఏం కావాలి?

అసలు ఏది ఇంపోర్టెడ్, ఏది దేశవాళీ అన్న దగ్గరే నాకు బుర్ర తిరుగుతుంది. 2008లో టాటాలు 230 కోట్ల డాలర్లు పోసి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని కొనేశారు. కాబట్టి టాటా సఫారీని చూసి ముక్కు చిట్లించి, ‘మనకి రేంజ్ రోవరే కరెక్టు’ అని లేచిపోయినాయన, వీధి గుమ్మంలోంచి అలిగి బయటికొచ్చి దొడ్డిగుమ్మంలోంచి అదే ఇంట్లో భోజనానికి కూచున్నట్టు. ఇప్పటి సఫారీ, హారియర్ల అడుగు చట్రం ల్యాండ్ రోవర్ వాళ్ళ చట్రం నుంచి పుట్టిందే. అందులో డీజిల్ ఇంజిన్ ఫియట్ వాళ్ళది, ఇటలీ సంతతి. ఆటోమేటిక్ గేరుబాక్సు కొరియాది. అదే ఇంజిన్ జీప్ కంపాస్‌లో వేస్తే అమెరికన్ బండి అన్నారు, ఎంజీ హెక్టర్‌లో వేస్తే బ్రిటిష్ బండి అన్నారు. ఎంజీ యజమాని చైనా కంపెనీ, బండి తయారయ్యేది గుజరాత్‌లోని హాలోల్‌లో. పెళ్ళిచూపుల్లో ఇంతమంది మేనమామలు కనపడితే మా అమ్మమ్మ గోత్రం అడగడం మానేసి కాఫీ పంపించేసేది.

2024లో ఇంకో చిత్రం జరిగింది. రేంజ్ రోవర్‌ని పుణెలో బిగించడం మొదలుపెట్టారు. 1970లో పుట్టిన బండి ఇంగ్లండ్‌లోని సోలిహల్ దాటి తయారవడం అదే మొదటిసారని కంపెనీ చెప్పుకుంది. ధర 18 నుంచి 22 శాతం దిగింది. అవే రేకులు, అదే ఇంజిన్. దిగింది పన్నే. సంతోషించాలి కదా? మా బావగారి క్లబ్బులో ఒకాయన కొత్తది కొనుక్కొస్తే, పక్కాయన దాన్ని చుట్టూ తిరిగి చూసి, నెయ్యిలో డాల్డా కలిసిందేమోనని వాసన చూసేవాడిలా ‘పుణెదా?’ అన్నాడట. ఆ ఒక్క ప్రశ్నకి ఈయన నెల రోజులు పేకాటకి వెళ్ళలేదు.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్నవాడు కారు డీలరై ఉంటాడు. మారుతి జిమ్నీ సంగతే చూడండి. అయిదు తలుపుల జిమ్నీ తయారయ్యేది గురుగ్రామ్‌లో. ఇక్కడ దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు, లక్షా రెండు లక్షలు తగ్గించి అమ్ముకున్నారు. అదే బండి ఓడెక్కి జపాన్ వెళ్ళింది. 2025 జనవరి చివర్లో ‘నొమాడే’ అని పేరు పెట్టి చూపిస్తే, నాలుగు రోజుల్లో 50 వేల మంది క్యూ కట్టారు, సుజుకీ వాళ్ళు భయపడి బుకింగులు ఆపేశారు. హోండా ఎలివేట్ రాజస్థాన్‌లోని తపుకారా నుంచి వెళ్ళి అక్కడ డబ్ల్యూఆర్-వీగా తిరుగుతోంది. టోక్యోలో ఓ బావగారు తన బామ్మర్దితో ‘ఇంపోర్టెడోయ్, ఇండియా నుంచి’ అంటూ ఉంటాడని తల్చుకుంటే నాకు మహా సంతోషంగా ఉంటుంది. అక్కడి బామ్మర్ది కూడా నాలాగే ఏమీ అనలేక టీ తాగుతూ ఉంటాడు.

ఇదంతా చదివి దేశభక్తులు విజిల్ వెయ్యబోతున్నారని తెలుసు. కాస్త ఆగండి. మన కంపెనీల పద్ధతి వేరు: వాళ్ళు బండిని కొత్తలో పరీక్షించరు, కొన్నవాళ్ళ చేత పరీక్షింపజేస్తారు. మొదటి ఏడాది బండి కొన్నవాడు యజమాని కాడు, జీతం లేని ఉద్యోగి. తెర నల్లబడుతుంది, అద్దం దానంతటదే దిగుతుంది, సర్వీసు సెంటర్లో కుర్రాడు ‘కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుంది సార్’ అని వానాకాలం కోసం చూసే రైతులా ఆకాశంలోకి చూస్తాడు. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు ఎయిర్‌బ్యాగుల్లేని స్కార్పియోని గోడకి గుద్దించి సున్నా చుక్కలిచ్చారు. 2022లో స్కార్పియో-ఎన్‌కి అయిదు చుక్కలొచ్చాయి. మధ్యలో ఆరేళ్ళు సున్నా చుక్కల బండిలో తిరిగినవాళ్ళు దేశానికి చేసిన సేవకి సన్మానాలేవీ జరగలేదు.

నిజానికి ఈ పంచాయితీ తేల్చగలిగినవాడు ఒకడున్నాడు, విజయవాడ ఆటోనగర్‌లో నాకు పాతికేళ్ళుగా తెలిసిన మెకానిక్. చేతికి గ్రీజు, చెవిలో పెన్సిలు. బావగారి బాధ చెప్పి, ఏ దేశం బండి మంచిదయ్యా అని అడిగాను.

‘మంచి బండి, చెడ్డ బండి అని ఉండవండీ’ అన్నాడు. ‘సామాను దొరికే బండి, దొరకని బండి, అంతే. ఇన్నోవా నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగొచ్చి నా ముందు నిలబడుద్ది. అది చెడిపోదని కాదు. చెడిపోయింది సాయంత్రానికి బాగుపడుద్ది. మీ బావగారిది నా దగ్గరకి తెచ్చినా నేనేం చేస్తాను, బానెట్టు తీస్తే నల్ల ప్లాస్టిక్కు మూత, దాని కింద ఇంకో మూత. కంప్యూటరు పెడితే గానీ మాట్లాడదు. దానికి తెలుగు రాదు, నాకు దాని భాష రాదు.’

ఇన్నోవా తయారయ్యేది బెంగళూరు పక్కన బిడదిలో. మన నాయకులు గుంపులుగా తిరిగే తెల్ల ఫార్చునర్లు కూడా అక్కడివే. పేరు జపాన్‌ది, బిగించిన చేతులు కన్నడిగులవి, రిపేరు చేసేది ఆటోనగర్. మా మెకానిక్ మాటకి వ్యాఖ్యానం అక్కర్లేదు గానీ ఒక్క ముక్క కలుపుతాను. సామాను దొరకడం కంపెనీ ఉన్నన్నాళ్ళే. షెవర్లే 2017లో మన దగ్గర అమ్మకాలు ఆపేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ మానేస్తున్నామంది. సర్వీసు ఇస్తూనే ఉంటామన్నారు, కాదనను. అయినా ఎండీవర్ కొని ఏడాది తిరగనివాడికి, పెళ్ళయిన ఏడాదికే అత్తారిల్లు అమ్మేసి అమెరికా వెళ్ళిపోతే అల్లుడికి ఎలా ఉంటుందో అలా ఉంది. సంక్రాంతికి ఎక్కడికి పోవాలి?

మన హైదరాబాద్ రోడ్లు కూడా ఇందులో భాగస్తులే. జర్మనీలో గంటకి రెండొందల వేగానికి చేసిన ఇరవై రెండు అంగుళాల చక్రం, దానికి గాజు మీద పూతలా సన్నటి టైరు. మియాపూర్‌లో ఒక గుంత చాలు. టైరు ఉబ్బుతుంది, ఆ సైజు ఊళ్ళో ఉండదు, చెన్నై నుంచి రావాలి. డీజిలైతే పొగగొట్టంలో మసి పట్టే వడపోత ఉంటుంది. అది శుభ్రపడాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా పోవాలి. పంజాగుట్ట ట్రాఫిక్కులో అది ఎక్కడ? అందుకని మా బావగారు నెలకో ఆదివారం ఏ పనీ లేకుండా ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ దాకా వెళ్ళొస్తారు. వెనకటికి గుర్రాన్ని ఇలాగే మైదానానికి తీసికెళ్ళేవారు. గుర్రమైతే ఎరువైనా ఇచ్చేది.

ఇక నంబరు ప్లేటు గురించి రాస్తే వ్యాసం దారి తప్పుతుంది, అయినా రాస్తాను. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసు వేలంలో టీజీ 09 9999 అనే నంబరు 25 లక్షల 50 వేలకి పోయింది. ఆ డబ్బుతో ఒక స్కార్పియో-ఎన్ వస్తుంది. చక్రాలతో సహా. అయితే న్యాయంగా చెప్పుకోవాలంటే ఆ నంబరు ప్లేటుకి సర్వీసు ఖర్చు లేదు, సెన్సారు లేదు, ఎప్పుడూ లారీ ఎక్కదు. నమ్మకంలో దాన్ని మించిన ఇంపోర్టెడ్ సరుకు నేను చూడలేదు, అది కూడా లోకలే.

బావగారు బండి అమ్మకానికి పెట్టారు. వచ్చినవాడు మూడో వంతు ధర చెప్పి, కాఫీ తాగి, ‘ఇంకా దిగుతుంది సార్’ అని ధైర్యం చెప్పి వెళ్ళాడు. బావగారు కుంగిపోలేదు. 2025 జులైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి కదా, కోటా ప్రకారం కొన్ని బళ్ళకి సుంకం మెల్లగా పది శాతానికి దిగుతుందట. అది దిగేదాకా ఆగి, ఈసారి ఇంకా పెద్దది తీసుకుంటారట. ఈలోపు ఆఫీసుకి అక్కయ్య పాత మారుతిలో వెళ్తున్నారు. అది ఒక్క రోజు కూడా అలర్ట్ ఇవ్వలేదు, అందులో అలర్ట్ ఇచ్చే వస్తువే లేదు.

మీరు కూడా ఎస్‌యూవీ కొనే ఆలోచనలో ఉంటే, ఏ దేశానిదైనా సరే, షోరూంలో కూచోగానే బండి ధర అడగకండి. ముందు అద్దం ఎంత, ఒక హెడ్‌లైటు ఎంత, ఒక టైరు ఎంత, ఆర్డరిస్తే ఎన్నాళ్ళకి వస్తుంది, ఇవి నాలుగూ కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమనండి. ఇవ్వకపోతే వాళ్ళిచ్చిన కాఫీ తాగేసి వచ్చెయ్యండి.