జాతకాల బాబాయి

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాడు పాత కారు కొనాలనుకుంటే ముందు బ్యాంకుకి వెళ్ళడు, బాబాయికి ఫోను చేస్తాడు. ఈయన ఎవరికీ సొంత బాబాయి కాదు. కారు కొన్న ప్రతివాడికీ బాబాయే. అమెరికాలో మనవాళ్ళు నలుగురు చేరిన ప్రతి ఊళ్ళోనూ ఇలాంటాయన ఒకరుంటారు. నాకు దొరికినాయన ఫ్రిస్కోలో ఉంటాడు, సొంతూరు చీరాల. ఉద్యోగం డేటాబేసుల్లో. ఆ సంగతి ఆయనకి సోమవారం పొద్దున మాత్రమే గుర్తొస్తుంది.

శనివారం ఎనిమిదింటికల్లా తయారు. చేతిలో టార్చిలైటు, జేబులో కాగితపు రుమాళ్ళు, మెడలో వేలాడే కళ్ళజోడు. కారు దగ్గరికి వెళ్ళగానే మనలాగా తలుపు తీసి సీట్లో కూలబడడు. ముందు అద్దం మూల దగ్గర వంగి, లోపల డాష్‌బోర్డు మీదున్న నంబరు చదువుతాడు. అక్షరాలూ అంకెలూ కలిసి మొత్తం పదిహేడు. 1981 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఇది ఉంటుంది. బాబాయి భాషలో అది జాతకం.

"మొదటిది పుట్టిన దేశం అబ్బాయ్. పదోది సంవత్సరం. ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు వాడరు, ఒకట్లతో సున్నాలతో కలగాపులగం అవుతాయని. మన జాతకాలు రాసేవాళ్ళు కూడా ఇంత జాగ్రత్తగా రాసుంటే..." అని, పిన్ని పక్కనుంటే అక్కడితో ఆగిపోతాడు.

నంబరు 'జె'తో మొదలైతే బండి జపాన్లో పుట్టినట్టు. అప్పుడాయన గొంతు తగ్గిపోతుంది. చెప్పులు విప్పేస్తాడేమోనని నాకు భయం.

నాకు క్యామ్రీ చూడ్డానికి వెళ్ళిన రోజున మాత్రం జాతకం నాలుగుతో మొదలైంది. "ఇది జపాన్ కారు కాదా బాబాయ్?" అని కంగారుపడ్డాను.

"కెంటకీ బిడ్డ. జార్జిటౌన్లో 1988 నుంచీ చేస్తున్నారు. ఆ పక్కనున్న అకార్డ్ చూడు, ఒకటి. హోండా వాడు ఒహాయోలో మేరీస్‌విల్లో 1982లోనే మొదలెట్టాడు."

ఆ వరసలోనే ఎర్రటి డాడ్జ్ చార్జర్ ఒకటి, వెనకద్దం నిండా అమెరికా జెండా అంటించుకుని, రొమ్ము విరుచుకుని నిలబడి ఉంది. బాబాయి వంగి చూసి లేచాడు. "రెండు. కెనడా."

అంటే దేశభక్తి జెండా కెనడా బండి మీద, ఒకటో నంబరు జపాను పేరున్న బండికి. నాకు తల తిరిగి, "మరి మన జాతకం ఏంటి బాబాయ్?" అన్నాను.

"ఇండియాలో చేసిన బండి నంబరు ఎం తో మొదలవుతుంది. నాది ఎం, మీ పిన్నిది ఎం. పౌరసత్వం తీసుకుంటే ప్లేటు మారుతుంది గానీ ఆ నంబరు మారదు. మా పిల్లలిద్దరూ ఒకట్లు. అందుకే నే చెప్పింది వినరు."

అమ్మేవాడితో ఆయన మాట్లాడే ఇంగ్లీషు వేరు. పాతికేళ్ళుగా అమెరికాలో ఉన్నా డిక్కీని ట్రంక్ అనడు, బానెట్‌ని హుడ్ అనడు. "స్టెప్నీ ఎక్కడుంది?" అని గట్టిగా అడిగాడు ఓసారి. ఆ కుర్రాడు వినయంగా, "స్టెఫనీకి ఈ రోజు సెలవండీ, నేను సాయం చేయగలనా?" అన్నాడు. బాబాయి అతన్ని జాలిగా చూసి, తనే డిక్కీ అడుగున చాప ఎత్తి టైరు చూపించాడు.

డిక్కీని ఆయన లీటర్లలో కొలవడు. ఇరవై పౌన్ల సోనా మసూరి బస్తాలు ఎన్ని పడతాయన్నదే లెక్క. ఇండియన్ స్టోర్ ముందు ఏ బండిలో ఎన్ని బస్తాలు పట్టాయో కళ్ళారా చూసి జ్ఞాపకం పెట్టుకున్న మనిషి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే మాత్రం బస్తాల లెక్క పక్కనపెట్టి, "సియెన్నా గానీ ఒడిస్సీ గానీ తీసుకో, తలుపు పక్కకి జరుగుతుంది, మీ అమ్మగారి మోకాళ్ళకి సుఖం" అంటాడు. ఈ రకం బండిని 1984 మోడల్‌గా అమెరికాలో జనం మీదికి వదిలింది క్రైస్లర్ వాళ్ళు. ఆ మాట కూడా చెప్పి నిట్టూరుస్తాడు, వండింది ఒకరు, వడ్డించుకున్నది ఇంకొకరు అన్నట్టు.

జపాన్ కార్ల మీద ఆయన భక్తికి మూలం చీరాలలో ఉంది. తాతగారిది మగ్గం. పోగు తెగితే తాత చూసుకోవాలి, చూడకపోతే గజం గుడ్డ పాడు. జపాన్లో సకిచి టొయోడా అనే ఆయన, పోగు తెగగానే దానంతటదే ఆగే మగ్గం చేశాడు. ఆ మగ్గాల కంపెనీ లోంచే 1937లో టొయోటా మోటార్ బయటికొచ్చింది. "తప్పు జరిగితే ఆగాలి అన్న బుద్ధి మగ్గం దగ్గర నేర్చుకున్నారురా వాళ్ళు. మనవాళ్ళే!" అంటాడు. చీరాలకీ టొయోటాకీ చుట్టరికం కలిపినవాడు భూమ్మీద ఈయనొక్కడే అయుంటాడు.

వాళ్ళ పరువు తక్కువ కథ కూడా ఆయనకి వచ్చు. 1957లో క్రౌన్ అనే కారుని మోసుకుని అమెరికా వచ్చారు. ఇక్కడి హైవే ఎక్కేసరికి అది రొప్పింది, వేడెక్కింది, వణికింది. అమ్మకం ఆపేసి, తప్పులు దిద్దుకుని మళ్ళీ వచ్చారు. 1973లో పెట్రోలు కరువొచ్చి అమెరికా పడవ కార్లు బంకుల ముందు బారులు తీరేనాటికి చిన్న కార్లతో సిద్ధంగా ఉన్నారు. ఈ కథ చెప్పేటప్పుడు బాబాయి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. పరీక్ష తప్పి మళ్ళీ రాసిన కొడుకు కథలా చెబుతాడు.

ఆయన మాట కాదని నేనొకసారి కారు కొన్నాను. ఏ దేశానిదో, ఏ కంపెనీదో చెప్పను. అందులో చెక్ ఇంజన్ దీపం అఖండ దీపంలా వెలిగేది. బాబాయి చూసి తిట్టలేదు. "పూజ చేయించావా?" అన్నాడంతే.

పూజ అంటే గుర్తొచ్చింది. ఇక్కడ లెమన్ అంటే పుట్టుకతోనే చెడ్డ కారు అని. అలాంటిది అంటగడితే కొన్నవాడికి న్యాయం చేయడానికి యాభై రాష్ట్రాల్లోనూ లెమన్ చట్టాలున్నాయి. మనం కొత్త కారుని తిన్నగా హనుమంతుడి గుడికి తీసుకెళ్ళి నాలుగు చక్రాల కిందా నాలుగు లెమన్లు పెడతాం. మా పక్కింటి అమెరికన్ ఆయన ముచ్చటపడి చూడ్డానికొచ్చి నిమ్మకాయలు చూడగానే బెదిరిపోయాడు. "అందుకే తొక్కించేస్తున్నాం" అని సర్దిచెప్పింది బాబాయే.

ఇన్ని చెప్పే మనిషి, ఏ దుకాణానికి వెళ్ళినా చివర్లో పది నిమిషాలు కనబడకుండా పోతాడు. వెతికితే మస్టాంగ్ పక్కన దొరుకుతాడు. గుంటూరులో కాలేజీ చదువుతున్నప్పుడు వీడియోలో బుల్లిట్ సినిమా చూశాడట. అందులో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆకుపచ్చ మస్టాంగ్ అప్పటి నుంచీ వదల్లేదు. "క్యామ్రీ ఇంట్లో ఉన్నట్టే తెలియదు. ఇది స్టార్ట్ చేస్తే వీధికంతా తెలుస్తుంది. అదే దీని తప్పు" అంటూ దాని వీపు మీద, కోడెదూడని నిమిరినట్టు, చెయ్యి వేసి ఉంచుతాడు. సెడాన్లన్నీ అమెరికాలో ఆపేస్తామని ఫోర్డు వాళ్ళు 2018లో ప్రకటించి, మస్టాంగ్‌ని మాత్రం ఉంచుకున్న రోజున ఆయన ఇంట్లో పాయసం.

చిన్నవాడు కాలేజీకి వెళ్ళిపోయిన నెలలో కొనేశాడు. వి8, రెండే తలుపులు. వాకిట్లోకి తెచ్చి, అద్దం దగ్గర వంగి, "ఒకటి! మిషిగన్, ఫ్లాట్ రాక్!" అని కేకేశాడు. పిన్ని బయటికొచ్చి చుట్టూ తిరిగి చూసి ఒకే ఒక్క ప్రశ్న వేసింది: "బస్తాలెన్ని పడతాయి?"

బాబాయి జవాబు చెప్పలేదు. ఇప్పుడు ఇండియన్ స్టోర్‌కి మస్టాంగ్ ముందు వెళ్తుంది, బియ్యం కోసం వెనకే పిన్ని క్యామ్రీలో వెళ్తుంది.

మీకు పాత కారు కొనే పనుంటే శనివారమే ఫోను చేయండి. ఆదివారం ఆయన బండి కడుక్కుంటూ ఉంటాడు, ఎత్తడు.