మా ఇంటి ఏసీ పైపు గారు

అయ్యా, మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. పెరటి గోడను ఆనుకుని, బూడిద రంగులో, డాబా మీది వాన నీళ్లు కిందికి దింపుతూ, దశాబ్దాలుగా ఎవరి జోలికీ పోకుండా నిలబడ్డ గొట్టం. మేస్త్రీలు దాన్ని ఏసీ పైపు అంటారు. 1979లో మా నాన్నగారు ఇల్లు కట్టించినప్పుడు, "ఇనప గొట్టమైతే తుప్పు పడుతుంది, ఇదైతే మన తర్వాత కూడా ఉంటుంది" అని మురిసిపోయి పెట్టించారు. ఆయన మాట అక్షరాలా నిజమైంది. ఆయన లేరు, అది ఉంది.

మొన్న తొలకరికి దాని నడుం దగ్గర జాయింటు పగిలింది. పగుల్లోంచి రావి మొక్క తల బయటపెట్టింది. డాబా మీది నీళ్లన్నీ మా వంటింటి గోడలోకి దిగాయి. చెమ్మ మొదట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పటంలా వచ్చింది. శ్రావణం వచ్చేసరికి మధ్యలో పెచ్చు ఊడి విభజన కూడా పూర్తయింది. ఆస్తుల పంపకం మాత్రం తేలలేదు. ఉప్పు డబ్బా అరమర ఏ రాష్ట్రానిదో మా ఆవిడకీ నాకూ ఇంకా వివాదమే.

ఫోన్ చేసి, "బాబూ, ఏసీ పైపు పగిలింది, ఎవరినైనా పంపు" అన్నాను. పంపారు. వచ్చినతను చెప్పులు విప్పి, హాలంతా కలయజూసి, "ఎన్ని టన్నులదండీ?" అన్నాడు. ఏసీ అంటే ఆస్బెస్టాస్ సిమెంటు అని నేను వివరిస్తుంటే జాలిగా విని, వచ్చినందుకు మూడొందలు తీసుకుని వెళ్లాడు. సాయంత్రానికి పక్కింటావిడ, "ఏసీ పెట్టిస్తున్నారటగా వదినా" అని మా ఆవిడను పలకరించింది. అప్పటి నుంచి మా ఇంట్లో రెండో సమస్య మొదలైంది.

మూడో రోజున అసలు ప్లంబరు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. గొట్టాన్ని వేలితో కొట్టి చూసి, "గట్టి సరుకు బాబాయ్, ఇప్పుడు దొరకదు" అని దానికి కితాబిచ్చి, సంచీలోంచి కటింగ్ మిషన్ తీశాడు. ముక్కుకు గుడ్డ లేదు, కాళ్లకు చెప్పులు లేవు, మనసులో చింత లేదు. సరిగ్గా అప్పుడే అమెరికా నుంచి మా అబ్బాయి వీడియో కాల్. ఫోన్లో గొట్టం కనపడగానే వాడి మొహం పాలిపోయింది. "నాన్నా, ఆపించండి! ముట్టుకోవద్దనండి!" నాకు గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా వాడి గొంతు అంత వణకలేదు.

వాడు చెప్పిందేమిటంటే, అక్కడ ఇలాంటిది ఇంట్లోంచి తీయాలంటే చంద్రమండల యాత్రకు బయల్దేరే వేషంలో మనుషులొస్తారట, ఆ మేరంతా ప్లాస్టిక్ తెరలు కడతారట, ఆ ఛాయలకు ఎవరినీ రానివ్వరట. ఇక్కడేమో పాతింట్లో గొట్టాలవే, పైకప్పు రేకులవే, సైకిలు స్టాండు రేకులవే, చికెన్ కొట్టు రేకులవే. ఆ రేకు పెంకు ముక్కలతో తొక్కుడు బిళ్ల ఆడుకుని పెరిగిన జాతి మనది. బడిలో మా సైన్సు మాస్టారు బీకరు కింద పెట్టిన తీగ వల మీద తెల్లగా పూసి ఉండేదీ ఇదే. అది రాలిపోతే గోటితో గీకి మరీ చూసేవాళ్లం. అయినా వాదించలేకపోయాను, ఎందుకంటే వాడు ఫోన్ పెట్టేశాక నేనూ నాలుగు పుస్తకాలు తిరగేశాను.

ఆస్బెస్టాస్ అంటే మన రాతినారే. కడప జిల్లా ఖనిజాల్లో ముగ్గురాయి పక్కన రాతినార అని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని, అది నా పెరట్లోనే నిలబడి ఉందని అరవై ఏడో ఏట తెలుసుకున్నాను. ఈ నారను సిమెంటులో కలిపి గట్టిపరిచే పద్ధతికి 1901లో ఆస్ట్రియావాడు లుడ్విగ్ హాచెక్ పేటెంటు పొందాడు. సరుకులో నార పదో వంతు, మహా అయితే అంతకు కాస్త ఎక్కువ. మిగతాదంతా దాదాపు సిమెంటే. దానికి ఆయన పెట్టిన పేరు ఎటర్నిట్. లాటిన్‌లో 'శాశ్వతత్వం' అనే మాటలోంచి తీశాడు. పేరు పెట్టేటప్పుడు నాలాంటి వారసుణ్ని ఒక్కసారి తలుచుకోవలసింది.

సిమెంటులో బిగుసుకుని ఉన్నంతసేపూ ఆ నార బుద్ధిమంతురాలే. కోసినా, పగలగొట్టినా, రంధ్రం వేసినా, గరుకు కాగితంతో రుద్దినా కంటికి కనపడని పోగులుగా గాల్లోకి లేస్తుంది. పీలిస్తే ఊపిరితిత్తుల్లో దిగి కూర్చుంటుంది. దగ్గు రాదు, తుమ్ము రాదు, ఆ రోజు ఏమీ కాదు. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లకు ఆస్బెస్టోసిస్ అనో, ఊపిరితిత్తుల క్యాన్సరనో, మీసోథిలియోమా అనో పేరు పెట్టుకుని వస్తుంది. నా మటుకు నాకు అంతకాలం వేచి ఉండే తీరిక లేదు. కానీ ఆ కుర్రాడికి ఇరవై నాలుగు. రోజుకు రెండు ఇళ్లు, ఇంటికో గొట్టం. మిషన్ సంచీలో పెట్టేయమంటే, "ఏం కాదు బాబాయ్, మా మావయ్య పాతికేళ్లుగా ఇవే కోస్తున్నాడు" అన్నాడు. మావయ్య ఎలా ఉన్నాడని అడిగితే, "ఈ మధ్య ఆయాసం, పనికి రావట్లేదు" అన్నాడు. ఆయన చుట్ట కూడా తాగుతాడట, కాబట్టి ఎవరినీ అనడానికి లేదట.

ఐరోపా సమాఖ్య దేశాలు 2005 నాటికి ఈ సరుకును మొత్తంగా నిషేధించాయి. మనం గనుల్లోంచి తవ్వడం తగ్గించుకున్నాం, రష్యా లాంటి చోట్ల నుంచి తెప్పించుకోవడం మాత్రం ఆపలేదు. మన రాతినార మనకు వద్దు, పరాయి రాతినార అయితే పర్వాలేదు.

సరే, పుస్తకాలు చెప్పిన పరిష్కారం వింటే మీకూ కడుపు మండుతుంది. బాగున్న గొట్టాన్ని అలాగే వదిలేయాలి. కదపకూడదు, కొట్టకూడదు, పొడి చీపురుతో దగ్గర ఊడవకూడదు, పైన చక్కగా రంగు వేయించాలి. తప్పనిసరై ముట్టుకుంటే ముందు నీళ్లతో తడపాలి, తడిసి ఉండగానే మందపాటి ప్లాస్టిక్‌లో రెండు చుట్లు చుట్టాలి. ఇన్ని మర్యాదలు మా ఇంట్లో కొత్తల్లుడికి కూడా జరగలేదు. అతను మూడు రోజుల్లో వెళ్లిపోయాడు కూడా.

అలాగే చేశాం. పక్కనే కొత్త పీవీసీ గొట్టం వేయించి, డాబా నీళ్లు దానికి మళ్లించి, పాత వారిని విశ్రాంతికి పంపాం. పగులు మీద సిమెంటు పూత, దాని మీద రెండు కోటింగుల రంగు. రావి మొక్క జోలికి మాత్రం మా ఆవిడ అంత తేలిగ్గా పోనివ్వలేదు. అది దేవతా వృక్షమట. మొదలు దగ్గర కొమ్మ కత్తిరించడానికే శనివారం కాని రోజు చూసుకోవాల్సి వచ్చింది. ఇల్లు రంగు చూసి పదకొండేళ్లయింది, కూతురి పెళ్లి తర్వాత మళ్లీ లేదు. ఇప్పుడు గొట్టం ఒక్కటి లేత నీలంలో మెరుస్తోంది.

ఇక మిగిలింది జాయింటు నుంచి ఊడిన పెచ్చు. మూరెడు ముక్క. తడిపి, చుట్టి, తాడు కట్టి, పైన 'ప్రమాదం, విప్పవద్దు' అని పెద్దక్షరాలతో రాసి, పొద్దున్నే పాట పాడుకుంటూ వచ్చిన చెత్త బండి దగ్గరికి రెండు చేతులా పట్టుకెళ్లాను. "తడి చెత్తా, పొడి చెత్తా?" అంది ఆ అమ్మాయి. నేను నిజాయతీపరుణ్ని. "పొడిదేనమ్మా, కానీ తడిపాను" అన్నాను. "తడిపిన పొడి మేం తీసుకోం సార్." మునిసిపల్ ఆఫీసుకు వెళితే ఒక సెక్షను వారు ఇంజినీరింగువారిదన్నారు, వారు శానిటేషన్‌దన్నారు, శానిటేషన్‌వారు మూట మీద రాసింది చదివి కుర్చీ నాలుగడుగులు వెనక్కి జరుపుకున్నారు. పాత సామాన్లవాడు తూకం వేశాడు గానీ, రాసింది చదివించుకుని కాటా కూడా తుడుచుకున్నాడు.

మూట ఇప్పుడు మా మెట్ల కింద ఉంది. పక్కన నాన్నగారి గొడుగు, విరిగిన ఉయ్యాల బల్ల. మొన్న ఆదివారం అబ్బాయికి ఫోన్లో అదే చెప్పాను. "ఇల్లు ఎలాగూ నీదే, గొట్టమూ నీదే, మూట కూడా నీ వాటాకే రాశాను, వచ్చేటప్పుడు ఆ చంద్రమండలం డ్రెస్సు ఒకటి తెచ్చుకో."

సిగ్నల్ సరిగా లేదన్నాడు.