ఎక్కువ జీతం

రిటైరైన పంతులింటికి ఆఫీసు కవరు వచ్చిందంటే గ్రాట్యుటీ కదిలిందనే అనుకుంటరు. మా ఇంటామె అయితే మనసులనే కరీంనగర్ టవర్ సర్కిల్ దాకా పోయి బంగారం బేరం కూడా చేసొచ్చింది. చింపి చూస్తే సంగతి వేరే. ఎప్పుడో ఎం.ఏ. చదువుతనని నేను జీతం లేని సెలవు పెడితే, ఆ కాలాన్ని తీసెయ్యకుండ ఇంక్రిమెంటు వేసిండ్రట. అప్పటి సంది నెల నెలా ఎక్కువ ముట్టిందట. వాపసు కట్టాలె.

“ఎక్కువ జీతమా? నా చేతికైతే రాలే. ఎవలకిచ్చిండ్రు?” అన్నది మా ఇంటామె.

ఆడిట్ వాళ్లకైతే జవాబు రాసియ్యొచ్చు. దీనికేం రాసిస్తం?

సప్పుడు చెయ్యక కట్టేద్దామనుకున్న. ట్రెజరీల చేసి దిగిన మా బామ్మర్ది ఆపిండు. “ఆగు బావా, సున్నమాయన కేసున్నది!” పంజాబ్‌ల సున్నాలు వేసే కొలువు చేసిన రఫీక్ మసీహ్ పేరు మీద 2014 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. ఉద్యోగి మోసమేమీ లేకుండ ఆఫీసు పొరపాటుతోని ఎక్కువ పోతే, రిటైరైనోళ్ల దగ్గర, ఏడాదిల రిటైరయ్యేటోళ్ల దగ్గర, కింది తరగతి ఉద్యోగుల దగ్గర వసూలు చెయ్యొద్దు. ఐదేండ్లు దాటినంక అసలే అడగొద్దు.

కేరళల థామస్ డేనియల్ అనే మాస్టారుదీ జీతం లేని సెలవు పంచాయితే. ఆయన రిటైరైంది 1999ల, సుప్రీంకోర్టుల గెలిచింది 2022 మేల. నాకూ ధైర్యమొచ్చింది. అన్నేండ్లు ఆగేందుకు నా షుగరే ఒప్పుకోవాలె.

అయితే 2016ల జగదేవ్ సింగ్ కేసుల ఇంకో మెలిక పెట్టిండ్రు. ఎక్కువొస్తే తిరిగి కడతనని ముందే రాసిచ్చినోడు కట్టుడే. నేను రాసిచ్చిన్నా? పీఆర్సీ వచ్చిన సంబురంల ఇల్లు రాసియ్యుమన్నా సంతకం పెట్టేటోళ్లం, కాగితం చదివినోడెవడు?

సర్వీసు బుక్కు చూస్తే తేలుతది. అది దొరకాలె గద! నేను నౌకరి చేసింది ఒక్క ఆదిలాబాద్ జిల్లలనే: జైనూరు, ఉట్నూరు, ఖానాపూర్, లక్సెట్టిపేట. 2016 దసరా నాడు ఆ జిల్ల నాలుగు ముక్కలైంది. కూసున్న కాడనే నా సర్వీసు ఆసిఫాబాద్, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల జిల్లలకు భాగాలు పోయింది. ఒక ఆఫీసోళ్లు కొత్త జిల్లకు పొమ్మంటరు, కొత్త జిల్లోళ్లు పాత జిల్లల అడుగుమంటరు. నాకు ఎక్కువిచ్చిందేమో గని, బస్సు కిరాయిలకు మాత్రం ఎల్లిపోయింది.

ఆఖరికి ఒక కాడ, కొత్తగ కొలువొచ్చిన పిలగాడు, మర్యాదగ కుర్చీ ఏసిండు. బీరువాలన్నీ ఎతికి, చెమట తుడుచుకుంట వచ్చి నిలవడ్డడు.

“సార్, మీకు ఎక్కువిచ్చినట్టు లెటరున్నది గని, ఎందుకిచ్చిండ్రో కాగితం లేదు. మీ దగ్గర జిరాక్సుంటే ఇయ్యరాదుండ్రి, రికవరీ మొదలు పెడుతం.”