రోగం రావడానికీ ఓ పద్ధతుంది

మన జనానికి జబ్బు పడటం చేతకాదు. తాతల కాలం నుంచీ ఇష్టమొచ్చినట్టు జబ్బు పడటం అలవాటైపోయింది. వానలు పడితే జ్వరం, ఎండలు ముదిరితే వాంతులు, పెళ్లి భోజనం చేసిన రాత్రి గుండెలో మంట. వేళాపాళా లేదు. ఆరోగ్య బీమా పాలసీ చేతికొచ్చాక కూడా అదే తీరు. సన్నక్షరాల ఆ పుస్తకాన్ని ఒక్కసారి చదివిన మనిషైతే, రోగం ఎప్పుడు రావాలో, ఎంత రావాలో, ఎలా తగ్గాలో తెలుసుకుని బుద్ధిగా మసలుకునేవాడు.

పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో జబ్బు రాకూడదు. లారీ గుద్దితే మాత్రం అభ్యంతరం లేదు. కంట్లో శుక్లం, హెర్నియా, మొలలు, మోకీళ్ల మార్పిడి వంటివాటిని చాలా పాలసీలు రెండేళ్ల పాటు గుమ్మం బయటే నిలబెడతాయి. కాబట్టి ఆ సంగతి మోకాళ్లకు నచ్చజెప్పి, గడువు దాకా అరగకుండా చూసుకోవాలి. ఆస్పత్రిలో చేరాక మామూలుగా 24 గంటలకు తక్కువ కాకుండా ఉండాలి. ఇరవై మూడో గంటకే కోలుకుంటే అది మీ ఒంటి తొందరపాటు. పోనీలే అని నాలుగు రోజులుంటే, 'అన్ని రోజులెందుకు?' అని శ్రీముఖం వస్తుంది. జ్వరం రావాలి కానీ మాత్రలకు తగ్గకూడదు. ప్లేట్‌లెట్లు పడిపోవాలి కానీ డాక్టరు సెలైన్ పెట్టి, పూటపూటకూ రక్తపరీక్ష చేయించి కనిపెట్టుకుని ఉండకూడదు. ఉంటే, 'కేవలం పరిశీలన కోసం చేరారు, ఇంటి దగ్గరుండి మందులు వాడుకోవాల్సింది' అని రాసి తిప్పి పంపుతారు. డెంగీ వైరస్‌ను చంపే మందంటూ ఏదీ లేదు. ఒంట్లో నీటిశాతం తగ్గకుండా చూస్తూ, కనిపెట్టుకుని ఉండటమే దానికి వైద్యం. ఈ ముక్క మన జిల్లా ఆస్పత్రిలో నర్సమ్మకు తెలుసు. క్లెయిము కాగితం చూసే పెద్దమనిషికి తెలియదు. తెలిసినా ఆయన ఉద్యోగం దాన్ని ఒప్పుకోదు.

ఆ పెద్దమనిషి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆయనా డాక్టరే, ఎంబీబీఎస్సే. కాకపోతే నాడి పట్టడు, స్టెతస్కోపు పెట్టడు, రోగి మొహమైనా చూడడు. ఎక్కడో మహానగరంలో ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఖమ్మంలో మంచం మీదున్న మనిషికి వైద్యం అవసరమో కాదో తేలుస్తాడు. సంజయుడు కూడా హస్తినలో కూర్చునే కురుక్షేత్రమంతా చూశాడు గానీ, పాపం చూసింది చూసినట్టు చెప్పేవాడు. ఈయన చూడకుండానే ఏం లేదో చెబుతాడు. పక్కనుండి ఆపరేషన్ చేసిన సర్జన్ 'అవసరమైంది, చేశాను' అని రాస్తే, ఈయన 'వైద్యపరంగా అవసరం లేదు' అని రాస్తాడు. ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరి జీతం ఎవరిస్తున్నారో చూస్తే తెలిసిపోతుంది.

ఇక పాలసీ అమ్మే రోజు ముచ్చట. ఏజెంటు కుర్రాడు ఎంత మర్యాదస్థుడో! 'అంకుల్, బీపీ మాత్ర ఒక్కటేగా, అది ఈ వయసులో అందరికీ ఉండేదే, రాయక్కర్లేదు. ఓటీపీ వచ్చింది చూడండి, చెప్పేయండి' అంటాడు. ఫారంలో ఉన్న ఆరోగ్య ప్రశ్నలన్నిటికీ 'లేదు, లేదు, లేదు' అని తనే టిక్కులు పెట్టేస్తాడు. ఆ రోజు కంపెనీకి మన మాట మీద అపారమైన నమ్మకం. పరీక్షలడగదు, పాత చీటీలడగదు, ప్రీమియం పడిందా లేదా అంతే. నాలుగేళ్ల తర్వాత అదే అంకుల్ కిడ్నీలో రాయి తీయించుకుంటే అప్పుడు మొదలవుతుంది పురావస్తు తవ్వకం. 'మొట్టమొదట ఏ డాక్టరుకు చూపించారు? ఆ చీటీ పంపండి. పదేళ్ల నాటి రక్తపరీక్ష పంపండి. మీ వీధి మెడికల్ షాపు బిల్లులు పంపండి.' చివరికి, 'మీకు బీపీ ఉన్న విషయం దాచారు, కనుక రాయికి డబ్బివ్వం, పాలసీ కూడా రద్దు' అంటారు. బీపీకీ రాయికీ ఏం సంబంధమని అడిగితే, సంబంధం ఉండాలని ఎక్కడుందని ఎదురడుగుతారు.

ఈ తవ్వకంలో కంపెనీకి దొరికే బంగారం చాలాసార్లు మన నోటి నుంచే రాలుతుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు 'బీపీ ఎన్నాళ్ల నుంచీ?' అని అడుగుతాడు. కంగారులో ఉన్న కోడలు 'చాన్నాళ్ల నుంచే అనుకుంటానండీ' అంటుంది. నిద్రకళ్లతో ఉన్న ఆ పిల్ల డాక్టరు 'పదేళ్లు' అని గీకేస్తాడు. ఆ ఒక్క గీత మీద లక్షల రూపాయల క్లెయిము కూలిపోతుంది. అందుకే కేస్ షీట్లో ఏం రాశారో చేరిన రెండో రోజే అడిగి చదవండి. తప్పుంటే చూస్తున్న డాక్టరు చేత సరిచేయించి సంతకం పెట్టించండి. డిశ్చార్జి అయ్యాక సరిచేయిస్తే 'తర్వాత పుట్టిన కాగితం' అంటారు.

పూర్తిగా తిరస్కరించడం మొరటు పని. మంజూరు చేసి కోయడం నాజూకు పని. అయిదు లక్షల పాలసీ, గది అద్దె రోజుకు ఒక శాతం అని ఉందనుకోండి, అంటే 5,000. ఆ గదులు ఖాళీ లేవని ఆస్పత్రి వాళ్లు 8,000 గదిలో పడుకోబెట్టారు. తేడా మూడు వేలే కదా, భరిద్దాం అనుకుంటాం. అక్కడే మన లెక్క తప్పేది. ఎనిమిదికి అయిదు ఎంతో, అదే నిష్పత్తిలో సర్జన్ ఫీజూ, థియేటర్ ఖర్చూ, నర్సింగూ, డాక్టరు వచ్చి పలకరించి వెళ్లిన ఖర్చూ అన్నీ తగ్గిపోతాయి. ఆ పద్దులన్నీ కలిసి రెండు లక్షలైతే చేతికొచ్చేది లక్షా పాతిక వేలు. మంచం వెడల్పును బట్టి సర్జన్ కత్తి ఖరీదు మారుతుందన్న సంగతి బీమా శాస్త్రం తప్ప మరే శాస్త్రమూ చెప్పలేదు. ఇందులోనూ వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. మందులు, శరీరంలో అమర్చే పరికరాలు, పరీక్షలు, ఐసీయూ ఖర్చు ఈ కోతలోకి రాకూడదు. గదిని బట్టి ధర మార్చని ఆస్పత్రిలో అసలీ కోతే పెట్టకూడదు. ఇవి బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధనలే. మీ బిల్లులో మందుల మీద కూడా కత్తెర పడిందేమో ఒకసారి తీసి చూసుకోండి.

తర్వాత 68 వస్తువుల జాబితా ఒకటి. పాలసీ చివర అనుబంధంలో ఉంటుంది, వీటికి డబ్బు రాదని. డైపరు, మినరల్ వాటరు అంటే సరే అనుకుందాం. అందులో గ్లవుజులున్నాయి, ఈసీజీ ఎలక్ట్రోడులున్నాయి, నెబ్యులైజర్ కిట్టుంది, ఆక్సిజన్ మాస్కుంది. అంటే ఆక్సిజన్‌కు బీమా ఉంది, దాన్ని ముక్కు దాకా తెచ్చేదానికి లేదు. ఈసీజీ తీయవచ్చు, తీగలు ఛాతీకి తగలకుండా తీయాలి. వీటికీ డబ్బిస్తామని అదనపు ప్రీమియంతో వేరే ముక్క అమ్ముతారనుకోండి, అది వేరే సంగతి. కోతను కనిపెట్టిందీ వాళ్లే, కోతకు విరుగుడు అమ్మేదీ వాళ్లే.

ఆస్పత్రులు మాత్రం పుణ్యమూర్తులా అని మీరడగొచ్చు. కానే కాదు. రిసెప్షన్‌లో 'ఏమైంది?' అనే ముందు 'ఇన్సూరెన్సుందా?' అని అడిగే చోట బిల్లు ఏ రూపం దాలుస్తుందో అందరికీ తెలుసు. దొంగ క్లెయిములూ ఉన్నాయి. కానీ ఆస్పత్రి వేసిన దొంగ లెక్కకు ఆస్పత్రిని పట్టుకోవాలి. ఇద్దరు బలవంతులు తేల్చుకోలేక ఆ తేడా రోగి జేబులోంచి లాగడం ఏ ఊరి పంచాయతీ?

ఇదంతా చిల్లర గొడవ అనుకునేరు. 2023-24లో ఆరోగ్య బీమా సంస్థలు పాలసీ షరతులు చూపించి కోసిపారేసిన మొత్తం దాదాపు 15,100 కోట్ల రూపాయలు. పూర్తిగా తిరస్కరించిన క్లెయిముల విలువ మరో 10,900 కోట్లకు పైనే. ఎవరో గిట్టనివాళ్లు చెప్పిన లెక్క కాదు, నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తన వార్షిక నివేదికలో అచ్చేసిందే.

ఆ ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో లేదు. మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. అక్కడివాళ్లు మంచి నిబంధనలే రాశారు. 2024 మే నెల సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనను గంటలో తేల్చాలి. డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో రావాలి. ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వేస్తే ఆ ఖర్చు కంపెనీ వాటాదారుల సొమ్ములోంచి పెట్టుకోవాలి. కాగితాలు చాల్లేదన్న సాకుతో క్లెయిము తిరస్కరించకూడదు. కాగితాలు కావాలంటే ఆస్పత్రినే అడగాలి. ముగ్గురు కూర్చున్న క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ కొట్టేయకూడదు. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా? మధ్యలో కంపెనీ తరఫున క్లెయిములు చూసే థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్ అనే పూజారి ఉన్నాడు. గంటలో తేల్చమంటే యాభై తొమ్మిదో నిమిషంలో ఒక 'క్వెరీ' పంపిస్తాడు. జవాబిస్తే ఇంకో క్వెరీ. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికెళ్లమన్న రోగి రాత్రి తొమ్మిదింటికీ బట్టల సంచీ ఒళ్లో పెట్టుకుని బిల్లింగ్ కౌంటర్ ఎదురుగా బెంచీ మీద కూర్చునే ఉంటాడు. ఆఖర్న తిరస్కరణ మెయిలు వస్తుంది. 'మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం' అని మొదలుపెట్టి, 'మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?' అని ముగుస్తుంది.

కంపెనీ అసలు పెట్టుబడి మన ప్రీమియం కాదండీ, మన అలసట. ఆపరేషనైన మనిషి, అప్పు చేసిన కొడుకు, నిద్రలేని కోడలు... వీళ్లు కోర్టులూ అర్జీలూ పట్టుకుని తిరగరన్నదే వాళ్ల ధీమా. వంద మందికి 'లేదు' అంటే ఎంతమంది తిరగబడతారో వాళ్ల దగ్గర లెక్క ఉండే ఉంటుంది. ఆ లెక్క తప్పించడమొక్కటే మన చేతిలో ఉన్న పని.

ఎలాగంటే, మొదట ఫోన్లో అరవడం మానేయాలి. 'మీ కాల్ మాకెంతో ముఖ్యం' అని చెప్పే యంత్రానికి కోపం తెలియదు. అడిగేదంతా రాతలో అడగాలి. ఏ షరతు, పాలసీలో ఎన్నో నంబరు కింద తిరస్కరించారు? సమీక్ష కమిటీ ఎప్పుడు ఆమోదించింది? ఏ షరతు ప్రకారమో రాసి చెప్పడం వాళ్ల ధర్మం కాదు, నిబంధన. చూసిన డాక్టరు చేత, ఈ మనిషిని చేర్చుకోకపోతే ఏమయ్యేదో నాలుగు వాక్యాలు రాయించుకోండి. కంప్యూటరు ముందున్న డాక్టరు మాటకు అదే సరైన మందు. అయిదేళ్లు ఎడతెగకుండా పాలసీ కట్టి ఉంటే 'పాత జబ్బు దాచారు' అన్న పాట చెల్లదు. మోసం రుజువు చేస్తే తప్ప 60 నెలల తర్వాత ఆ సాకు ఎత్తడానికి లేదు. ఈ సంగతి ఒక్క లైనులో రాసి పంపితే వాళ్ల గొంతు మారడం మీరే చూస్తారు. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, బీమా భరోసా పోర్టల్లో పెట్టండి. లేదా 155255కు ఫోన్ చేసి నమోదు చేయించుకుని, నంబరు రాసిపెట్టుకోండి.

అమెరికాలో మనవల్ని ఎత్తుకోవడానికి విమానమెక్కే అమ్మానాన్నలకు ప్రయాణ బీమా చేయించే పిల్లలు ఇదొకటి గుర్తుంచుకోవాలి. 2009లో ఒకాయన అలాగే పాలసీ తీసుకుని వెళ్లి, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగగానే గుండెపోటు వచ్చి స్టెంట్లు వేయించుకున్నాడు. సుగరుందని ముందే చెప్పినా, కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నట్టు చెప్పలేదని కంపెనీ చేతులెత్తేసింది. ఆయన వదల్లేదు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తిరస్కరణ చెల్లదంది. చెప్పిన జబ్బు సంగతి తూచి చూసుకోవడం పాలసీ ఇచ్చే ముందే చేయాల్సిన పని, ఇచ్చాక దాన్నే సాకుగా చూపించడం కుదరదంది. పన్నెండేళ్లు పట్టింది, నిజమే. కానీ ఆ ఒక్క మనిషి మొండితనం ఇవాళ మీరు రాసే ప్రతి అర్జీలోనూ పనికొస్తుంది.

అందరూ అంత దూరం వెళ్లక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణల వారికి బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. కంపెనీ మీ ఫిర్యాదు కాదన్నా, నెల రోజులు గడిచినా జవాబివ్వకపోయినా అక్కడికి వెళ్లొచ్చు. 50 లక్షల దాకా విచారిస్తారు. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే. 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకే కట్టాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు అర్జీ పడాలి. ఆ మెయిలు ఏ తేదీన వచ్చిందో ఇప్పుడే తీసి చూడండి.